ఆడని సినిమాల మండలి

రాష్ట్రంలో అన్యాయానికి గురైన సినిమాలన్నింటికీ తొంభై రోజుల్లో న్యాయం చేస్తామని నిరాదరణ చలనచిత్రాల పునర్విచారణ మండలి అధ్యక్షులు బాలకిషన్ గారు జగిత్యాలలో ప్రకటించారు. ఆడని సినిమాలు ఇకపై ఎవరికీ భయపడనక్కర లేదని, వాటి వెనక ప్రభుత్వం ఉందని భరోసా కూడా ఇచ్చారు.

ఇటువంటి మండలి అవసరం ఎందుకు వచ్చిందని ఒక విలేకరి అడిగాడు. బాలకిషన్ గారు తన జీవితాన్నే ఉదాహరణగా చూపారు. ఆయన మూడుసార్లు ఎన్నికల్లో నిలబడి మూడుసార్లూ ఓడిపోయారు.

"జనం నన్ను మొత్తం చూడకముందే లేచిపోయిన్రు. సినిమాకైనా గదే కష్టం" అన్నారు.

ఆ సమావేశ మందిరంలో ఇంత లోతైన మాట చాలాకాలంగా ఎవరూ అనలేదు. విలేకరులు రాసుకుని టీ తాగారు. వేదిక పక్కన శాలువాల సంచి పట్టుకుని నిలబడ్డ ఉమారాణి మాత్రం నిజంగానే కదిలిపోయింది.

ఉమారాణి సీనియర్ అసిస్టెంట్. మండలికి అధ్యక్షుడు, కారు, బోర్డు సిద్ధమయ్యాక పనిచేసే మనిషి ఒకరు ఉంటే బాగుంటుందని తోచి, ఆమెను వేరే ఆఫీసు నుంచి డిప్యుటేషన్ మీద తెచ్చారు. ఆమెకు సినిమా పరిజ్ఞానం ఉన్నట్టు ఫైలులో రాశారు. అందుకు ఆధారం, ఒకసారి మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర 'నల్లా రాలే' అనే సినిమాను వెనకేసుకొచ్చి ఆఫీసంతటితో పోట్లాడటమే.

ఆ సినిమా ఆరేళ్ల కిందటిది. ఎల్లారెడ్డిపేట దిక్కు పల్లెలో ఒకామె, భర్త దుబాయ్‌లో ఉంటే, నీళ్ల ట్యాంకర్ నడపడం నేర్చుకుంటుంది. కథ అంతే. ఉమారాణి తన తల్లి లసుమవ్వను రాయికల్ నుంచి తీసుకొచ్చి జగిత్యాలలో చూపించింది. హాల్లో పదకొండు మంది ఉన్నారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి బీడీలు చుట్టడం తప్ప వేరే ధ్యాస లేని లసుమవ్వ, తెర మీది మనిషి తమ లాగే మాట్లాడటం విని బిత్తరపోయింది. మర్నాడు బీడీల చాట పక్కన పెట్టి, మళ్లీ పోదామంది. పోయి చూశారు. ఆ తర్వాత రెండు రోజులకే సినిమా తీసేశారు. కథానాయిక నీళ్ల కోసం నల్లా దగ్గర పది నిమిషాలు ఊరికే నిలబడిందని, అంతసేపు ఎవరు చూస్తారని పత్రికలు రాశాయి.

"బిందె పట్టుకోని నిలవడ్డోళ్లకు తెలుస్తది, పది నిమిషాలు తక్కువనే చూపెట్టిండు" అని ఉమారాణి ఆఫీసులో వాదించింది. అట్లా ఆమె నిపుణురాలైంది.

మండలి విచారించవలసిన మొదటి సినిమాగా ఆమె దాన్నే పెట్టింది. ఎందుకు బాగుందో నాలుగు పేజీలు రాసింది. బాలకిషన్ గారు చివరి పేజీ చూసి, ఎన్ని రోజులు ఆడిందని అడిగారు. నాలుగు రోజులని చెప్పింది. ఇంకా తక్కువ ఆడినది దొరకలేదా అని కొంచెం నిరాశపడ్డా, మొదటి కేసు కనుక సర్దుకున్నారు. ఒకసారి సినిమా చూస్తారా అని ఆమె అడిగింది.

"నేను చూస్తే పక్షపాతం వస్తది. జడ్జి పోయి దొంగతనం చూసి వస్తడా?" అన్నారు.

దర్శకుడు రంజిత్ ఇప్పుడు కోరుట్లలో పెళ్లి వీడియోలు తీస్తున్నాడు. సైరన్ కారు తన స్టూడియో ముందు ఆగేసరికి, డ్రోన్ పర్మిషన్ గురించి వచ్చారనుకుని డ్రోన్‌ను గోనెసంచి కింద దాచాడు. బాలకిషన్ గారు లోపలికి వచ్చి, నీకు అన్యాయం జరిగిందని తెలియజేశారు. రంజిత్ ఔనో కాదో తేల్చుకోలేక కుర్చీ తుడిచాడు. సిరిసిల్లలో మంత్రి సమక్షంలో సన్మానం ఉంటుందని చెప్పారు.

ఆయన కారెక్కాక రంజిత్ ఉమారాణిని పక్కకు పిలిచాడు.

"అక్కా, నాకు శాలువ గిట్ల వద్దు. ఆ నాలుగు రోజులు హాలు బయటనే నిలవడ్డ. లోపల కూసునే ధైర్యం కాలే. జనంతోని కూసోని ఒక్కసారి చూడాలె, గంతే."

"చూపిస్త" అంది ఉమారాణి. ఆఫీసులో ఇరవై ఏళ్లుగా ఎవరికీ ఏ మాటా ఇవ్వని మనిషి ఆమె.

చిక్కంతా ఆమె రాసిన నాలుగు పేజీల్లో ఒక వాక్యంతో వచ్చింది. ఈ సినిమాకు దక్కవలసినంత క్రెడిట్ దక్కలేదని రాసింది. దాని మీద బాలకిషన్ గారు రెండు రోజులు ఆలోచించి, ఇప్పుడు క్రెడిట్ ఎంత ఉందని రంజిత్‌కు ఫోన్ చేశారు. పేర్లు పడేది ఒకటిన్నర నిమిషమని అతను చెప్పాడు. అన్యాయం ఎక్కడ జరిగిందో ఆ క్షణంలో తేలిపోయింది.

సరిదిద్దే పని వెంటనే మొదలైంది. ముందు మంత్రి పేరు, తర్వాత అధ్యక్షుల పేరు, ఆ తర్వాత పెగడపల్లి నుంచి ఎల్లారెడ్డిపేట దాకా ప్రతి మండల నాయకుడి పేరు, ఫోటోతో సహా చేర్చారు. రాయికల్ నుంచి రెండు వర్గాలు వచ్చి తమ ఫోటో పెద్దదిగా ఉండాలని పట్టుబడితే, రెండింటినీ పెద్దవి చేశారు. రంజిత్ అన్నీ కలిపాడు. పెళ్లి వీడియోల అలవాటు కొద్దీ ప్రతి ఫోటో మీదా గులాబీ రేకులు రాలాయి. క్రెడిట్ పద్నాలుగు నిమిషాలకు చేరింది. దేశంలో ఏ సినిమాకూ ఇంత న్యాయం జరిగి ఉండదని బాలకిషన్ గారు సంతృప్తి పడ్డారు.

సిరిసిల్లలో మధ్యాహ్నం ఆట పెట్టారు. ఎల్లారెడ్డిపేట నుంచి మహిళా సంఘాలను ఐదు బస్సుల్లో తెచ్చారు. మంత్రిగారు రాలేకపోతే ఆయన సందేశం చదివారు. రెండు గంటలు ఉపన్యాసాలు నడిచాయి. ఆడకపోవడం సినిమా తప్పు కాదని, ఓడిపోవడం నాయకుడి తప్పు కాదని బాలకిషన్ గారు చెబుతుంటే కొందరు మాజీలు కళ్లు తుడుచుకున్నారు. రంజిత్‌కు శాలువా కప్పారు. దీపాలు ఆర్పి పేర్లు వేశారు. ఎవరి ఫోటో వస్తే వాళ్ల మనుషులు ఈలలు వేశారు. పద్నాలుగు నిమిషాలు కాగానే దీపాలు వెలిగించి, వందన సమర్పణ చేసి, కార్యక్రమం విజయవంతంగా ముగిసిందని మైకులో చెప్పారు. సినిమా చూసి ప్రేక్షకులు కంటతడి పెట్టారని పత్రికలకు పొద్దుటే పంపేశారు. అధ్యక్షులు జగిత్యాలలో మరో ప్రారంభోత్సవానికి బయలుదేరారు.

ఆడవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు. రంజిత్ శాలువా మడిచి చంకలో పెట్టుకుని, అలవాటైన చోటే, గుమ్మం బయట నిలబడ్డాడు. ఉమారాణి అతని మొహం చూసి, మెట్లెక్కి ఆపరేటర్ మొండయ్య గదిలోకి పోయింది.

"కాకా, సినిమా పెట్టు."

"అయిపోయిందన్నరు గద బిడ్డా. ఆర్డర్‌ల ఏమున్నది?"

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. చిత్ర ప్రదర్శన అని ఉంది. మొండయ్య కళ్లద్దాలు పెట్టుకుని ఆ రెండు మాటలూ చదివాడు. "గవర్నమెంట్ చెప్పినంక నేనెవన్ని" అని బటన్ నొక్కాడు.

లేచినవాళ్లు తెర మీద తమ ఊరి దారి కనబడేసరికి మళ్లీ కూర్చున్నారు. నల్లా దగ్గర ఆ పది నిమిషాలు వచ్చాయి. ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒక ముసలామె తెర వైపు చెయ్యి చాపి, "నీ బిందె ముంగటికి జరుపవే, వెనకామె వస్తున్నది" అని హెచ్చరించింది. హాలంతా ఆమెను సమర్థించింది. ఆలస్యమవుతోందని కేకలేయడానికి వచ్చిన బస్సు డ్రైవర్లు కూడా గోడకు ఆనుకుని ఉండిపోయారు. సగం సినిమా అయ్యాక రంజిత్ లోపలికి వచ్చి, నడవా పక్క సీట్లో కూర్చున్నాడు. అతను తెరను చూడలేదు, చూస్తున్నవాళ్లను చూశాడు.

ఐదు బస్సుల ఆడవాళ్లు ఊళ్లలో చెప్పారు. మరునాడు హాలు యజమాని మూడు ఆటలు వేశాడు. తర్వాత కోరుట్లలో, జగిత్యాలలో వేశారు. రాయికల్ నుంచి లసుమవ్వ తన తోటి బీడీల వాళ్లను ఆటోలో వేసుకుని వచ్చి చూపించింది. సినిమా తనే తీసినట్టు హాలు గుమ్మంలో నిలబడి అందరినీ లోపలికి పంపిందట.

ఉమారాణి ఎంతో సంతోషంగా నివేదిక పంపింది. ఆ సాయంత్రమే పిలుపు వచ్చింది. బాలకిషన్ గారు కోపంగా లేరు, నొచ్చుకుని ఉన్నారు.

"ఎనిమిది రోజుల సంది ఆడుతున్నదట. నిజమేనా?"

"నిజమే సార్. ఇంకా ఆడుతది."

"గట్లయితె నిరాదరణ ఎక్కడున్నదమ్మా? నువ్వు ఆడలేదని రాసిస్తేనే గద నేను నమ్మిన."

ప్రజాదరణ గల చిత్రాన్ని లేనిదిగా చూపి మండలిని తప్పుదోవ పట్టించినందుకు సంజాయిషీ కోరుతూ మర్నాడు మెమో వచ్చింది. 'నల్లా రాలే' అర్హత కోల్పోయినందున జాబితా నుంచి తొలగించారు. మండలి అత్యవసరంగా సమావేశమై ఖాళీ అయిన స్థానాన్ని ఏకగ్రీవంగా భర్తీ చేసింది. కొత్త చిత్రానికి జరిగిన అన్యాయం మీద నాలుగు పేజీలు సాయంత్రంలోగా పంపాలని మెమో కిందనే ఉంది.

చిత్రం పేరు ఉండవలసిన చోట గీత ఉంది. కథానాయకుడి పేరు రాకేశ్. అతను బాలకిషన్ గారి ఏకైక కుమారుడు. షూటింగ్ ముహూర్తం వచ్చే గురువారం.

ఉమారాణి మెమో మళ్లీ చదివి, బాలకిషన్ గారికి ఫోన్ చేసి, కథ ఏమిటో చెబితే రాసుకుంటానంది.

"కథ ఇంకా అనుకోలేదమ్మా. అన్యాయం మాత్రం మస్తు జరిగింది, రాసుకో" అన్నారాయన.