కృపమణి ఇంట్లో ఇద్దరు పాస్టర్లు

ఆ రోజు పొద్దున హనుమేష్, యేసుప్రసాద్ చేయాల్సిన పనులు రెండే. బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినాలి, పది గంటలకు ఆసుపత్రిలో ఉండాలి. మూడు నెలలుగా బొంగురుపోయిన యేసుప్రసాద్ గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. దాని ఫలితం ఆ రోజు చెబుతామన్నారు. యేసుప్రసాద్ ఎర్రగుంట్లలో బడి పంతులు. హనుమేష్ అక్కడే సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఇద్దరూ తొమ్మిదేళ్లుగా ఒకరికొకరు. ఆ సంగతి ఎర్రగుంట్లలో ఎవరికీ తెలియదు.

వాళ్లు దిగింది కర్నూలు పాతబస్తీలో కృపమణి నడిపే మూడు గదుల బసలో. ఫోనులో గదులు వెతికితే దాని పేరు కింద చిన్న ఇంద్రధనుస్సు, 'ఏ జంటైనా సరే, ఎవరికెవరని అడగం' అన్న మాట ఉంటాయి. కృపమణి ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసింది. ఒకసారి పురుగుల మందు తాగిన ఇద్దరమ్మాయిలను ఒకే ఆటోలో తెచ్చారు. చెయ్యీ చెయ్యీ పట్టుకునే వచ్చారు, అలాగే పోయారు. పదవీ విరమణ అయ్యాక ఆమె చేసిన మొదటి పని ఇంట్లో మూడు గదులకు సున్నం వేయించి, మంచి గడియలు బిగించడం.

"తినండి నాయనా. ఉత్త కడుపుతో పోతే డాక్టరు మాట ఇంకా చేదుగా ఉంటాది," అంది కృపమణి.

యేసుప్రసాద్ అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి ప్రేమజ్యోతి గడపలోకి వచ్చింది. తెల్లవారుజామున ఆమె తండ్రి గాబ్రియేలు చనిపోయాడు. ఆమె ముఖంలో ఏడుపు కంటే అలసటే ఎక్కువగా ఉంది.

"మా పాస్టరయ్య జ్వరమంటాడు. ఫోను కూడా ఆపేసుకున్న్యాడు. ఎండ చూస్తే ఇట్ల ఉండాది, శవాన్ని ఎంతసేపు పెట్టుకుంటాం?" అంటూ ఆమె ఆ ఇద్దరి తెల్లచొక్కాల వైపు చూసింది. "ఎవరక్కా వీళ్లు?"

తమ గురించి ఎవరికీ చెప్పొద్దని రాత్రే ఇద్దరూ కృపమణిని బతిమాలుకున్నారు. ఆమెకు చప్పున ఏమీ తోచలేదు. ఎదురుగా ఒకాయన ప్రార్థన చేస్తూ కనిపించాడు.

"పాస్టర్లు," అంది.

యేసుప్రసాద్ కళ్లు తెరిచాడు. కాదని చెప్పబోయాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఐదు నిమిషాల్లో చర్చి సంఘం కార్యదర్శి హెన్రీ తన ఆటోలో వచ్చేశాడు. అప్పటికే ప్రేమజ్యోతి ఇంటి ముందు మూగిన జనానికి దేవుడు ఇద్దరు సేవకులను పంపాడని తెలిసిపోయింది.

"తమరి పేరయ్యా?" అని హెన్రీ హనుమేష్‌ను అడిగాడు.

"హను..." అని హనుమేష్ ఆగిపోయాడు.

"హనోకు అయ్యగారా? శానా మంచి బైబిలు పేరు," అని హెన్రీ సంఘం ఫోన్ గ్రూపులో రాసేశాడు. రాసేటప్పుడు కృపమణి చెప్పిన ఎర్రగుంట్లను కడప చేశాడు, పాస్టర్లను ప్రసంగీకులు చేశాడు. ఇరవై మంది రావలసిన అంత్యక్రియలకు రెండు వందల మంది తయారయ్యారు. బతికినన్నాళ్లూ గాబ్రియేలు గడప తొక్కనివాళ్లు కూడా కడప ప్రసంగం వినాలని చాపలతో సహా వచ్చారు.

గదిలో హనుమేష్ తల పట్టుకున్నాడు. "సారూ, వద్దు. ఉన్నదున్నట్లు చెప్పి పోదాం పా. నీ రిపోర్టు ముఖ్యం."

"ఆయమ్మ ముఖం చూసినావా హనుమా?" అన్నాడు యేసుప్రసాద్ గుసగుసగా. "అర్ధగంట. నాకు పాటలొచ్చు. నువ్వు పుస్తకం పట్టుకో చాలు."

అర్ధగంట మైకు దగ్గరే అయిపోయింది. రెండు వందల మంది ఉన్నారని ఎవరో మైకుసెట్టు తెచ్చారు. అది పలకలేదు. హనుమేష్ కాసేపు చూసి, ఉండబట్టలేక వంగి, జేబులోంచి టెస్టరు తీశాడు. "ఫేజు రావడంలేదప్పా," అని తీగ తీసి మళ్లీ బిగించాడు. మైకు పలికింది. చెమటతో, దుమ్ముతో లేచిన హనోకు అయ్యగారిని చూసి ముసలమ్మలు చేతులు జోడించారు. ఇంత తగ్గింపు గుణం ఉన్న పాస్టరును తాము చూడలేదన్నారు.

సమాధుల తోటలో గాబ్రియేలు భార్య పక్కనే గుంత తవ్వి ఉంచారు. హెన్రీ ఇచ్చిన పాత ఆరాధన పుస్తకాన్ని హనుమేష్ తెరిచి పట్టుకున్నాడు. ఏ పుట తెరవాలో అతనికేం తెలుసు. యేసుప్రసాద్ మైకు ముందు నిలబడి, కనిపించింది చదివాడు.

"ప్రియులారా, ఈ ఇద్దరినీ ఒకటిగా జతచేయుటకై మనమిక్కడ కూడియున్నాము..."

అది పెళ్లి ప్రార్థన. జనం తలలెత్తారు. యేసుప్రసాద్ పుస్తకం మీదినుంచి హనుమేష్ ముఖంలోకి చూశాడు. హనుమేష్ పుట తిప్పలేదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉండగా, రెండు వందల మంది ఎదుట, ఆ మాట అప్పటికే మైకులోంచి వెళ్లిపోయింది. ఇలాంటిది మళ్లీ జరగదని ఇద్దరికీ తెలుసు.

"...గాబ్రియేలన్ననూ, ముందుగా వెళ్లి ఆయన కోసం ఎదురుచూస్తాండే ఆయన భార్యనూ," అని యేసుప్రసాద్ మెల్లగా పూర్తిచేశాడు.

ఆడవాళ్లు గొల్లుమన్నారు. అతను పాట అందుకున్నాడు. గొంతు చీలిపోయి, అరిగిపోయి, మధ్యమధ్యలో ఆగిపోతూ వచ్చింది. ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఇంతగా ఏడ్చే పాస్టరును చూసి మగవాళ్లూ కండువాలు కళ్లకద్దుకున్నారు. నిజానికి అతను ఏడవడం లేదు. ఇదే చివరి పాటేమోనని లెక్కగా, ఒక్క చరణం వదలకుండా పాడుతున్నాడు.

మన్ను వేసేసరికి పన్నెండు దాటింది. ఆసుపత్రికి పోవాలని వాళ్లు అంటే, రోగులను పరామర్శించడానికే అనుకుని హెన్రీ ఆటో తీశాడు. వెనకాలే లోపలికి కూడా వచ్చాడు. డాక్టరు గదిలో రోగి కుర్చీలో యేసుప్రసాద్ కూర్చోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

డాక్టరు కాగితాలు తిప్పి నెమ్మదిగా చెప్పాడు. "క్యాన్సరే. ముందుగానే దొరికింది, ప్రాణానికి భయం తక్కువ. వచ్చే గురువారం ఆపరేషన్ చేద్దాం. గొంతు మాత్రం ఇదివరకటిలా ఉంటుందని మాటివ్వలేను. ఫారం మీద సంతకం ఎవరు పెడతారు? మీరు ఈయనకు ఏమవుతారు?"

"ఇద్దరూ ఒకే సేవలో..." అని హెన్రీ మొదలుపెట్టాడు.

"నేను పాస్టర్ను కాను డాక్టరూ," అన్నాడు హనుమేష్. "నా పేరు హనుమేష్. కరెంటు పని చేస్తా. ఈయన బడి పంతులు. తొమ్మిదేండ్ల నుంచి మేమిద్దరం ఒకటి. సంతకం నేనే పెడతా."

డాక్టరు పెన్ను ముందుకు జరిపాడు. "బంధుత్వం గడి నింపండి. ఖాళీగా ఉంటే ఫారం వెనక్కొస్తుంది."

హనుమేష్ 'ఇంటిమనిషి' అని రాశాడు.

తిరిగి రాగానే హెన్రీ ఆటో ఆపి నేరుగా ప్రేమజ్యోతి ఇంట్లోకి పోయాడు. వాళ్లిద్దరూ దొంగల్లా వెనకే నడిచారు. కృపమణి అక్కడే, వచ్చిన చుట్టాలకు మంచినీళ్లు ఇస్తోంది.

"మోసం జరిగిందమ్మా," అన్నాడు హెన్రీ. "ఈళ్లు పాస్టర్లు కారు. ఒకాయన మన మతమే కాదు. పైగా ఇద్దరూ... అది నేను చెప్పలేను. మీ నాయనకు మళ్లా ప్రార్థన చేయించాల."

"అబద్ధం ఆడింది నేను. వాళ్లననొద్దు," అంది కృపమణి, చెంబు కింద పెట్టి.

ప్రేమజ్యోతి గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. లేవలేదు. "నాకు పొద్దున్నే తెలుసు," అంది.

"ఎట్ల తెలుసమ్మా?" అన్నాడు హెన్రీ.

"ఈయప్ప కండ్లు మూసుకోని ప్రార్థన చేస్తాంటే, ఆయప్ప బజ్జీలో మిరపగింజలన్నీ ఏరేసి, ఆ బజ్జీ ఈయప్ప పళ్లెంలో పెడతాండె. పాస్టర్లు ఒకరికొకరు అట్ల తీసి పెట్టుకుంటారా అన్నా?"

"తెలిసీ ఎందుకు పిలిచినావమ్మా?"

"ఇంగెవర్ని పిలవాల? నలుగురు పాస్టర్లకు ఫోను చేసినా. ఒకాయనకు జ్వరం. ఒకాయనకు పెండ్లి ఉందంట. ఇంకొకాయన మీ నాయన చర్చికి వస్తాండెనా అని అడిగె. నాలుగో ఆయన ఎత్తనే లేదు. ఈయన గొంతులో పుండుందని కృపమణక్క చెప్పె, అట్లనే మా నాయనకు పాట పాడినాడు. మళ్లా ప్రార్థన కావాలంటే నాయన్నే అడుగు పో."

యేసుప్రసాద్ ఏదో చెప్పబోయాడు. పొద్దుటి పాటతో గొంతు పూర్తిగా పోయింది. ప్రేమజ్యోతి చెయ్యి ఊపి, కూర్చోమన్నట్టు చాప చూపించింది. ఇద్దరూ కూర్చున్నారు. కృపమణి వాళ్లకూ మంచినీళ్లు ఇచ్చింది.

చివరికి హెన్రీ తన కష్టం తాను చెప్పుకున్నాడు. "అది సరే తల్లీ. సమాధుల రిజిస్టరులో ఈ కార్యం జరిపించిందెవరని రాయాల? నేను కార్యదర్శిని. ఏదో ఒకటి రాయల్ల కదా."

"వచ్చినోళ్లు అని రాయి," అంది ప్రేమజ్యోతి.

హెన్రీ సాయంత్రం అలాగే రాశాడు, కాకపోతే ఎవరూ చదవలేని చేతిరాతలో.