గగనవిహార్‌లో పందికొక్కు సంసారం

ఒక పెద్ద అడవిలో, సరిగ్గా నడిబొడ్డున, నాలుగు బాటలు కలిసే చోట వెంకాయమ్మ అనే పందికొక్కు కాపురముండేది. పక్కనే వాగు, ఎదురుగా నేరేడు చెట్లు, కేకేస్తే వినిపించేంత దగ్గర్లో పిల్లల బడి. ఒక తల్లికి ఇంతకంటే ఏం కావాలి? ఆవిడ కన్నవాళ్లందరినీ ఆ కలుగులోనే పెంచింది. ఆ చోటు మీద అడవిలో చాలామందికి కన్నుంది గానీ, అందులో దూరగల నడుములు లేక ఊరుకున్నారు.

జంబుకరావు ఊరుకోలేదు. ఆయన నక్క. శివార్లలో ఎండిపోయిన గుట్టల్ని "ప్రకృతి ఒడి" అని పేరుపెట్టి అమ్మి పైకొచ్చినవాడు. ఒకనాడు తాటాకు మీద రంగుల బొమ్మ గీయించి పట్టుకొచ్చాడు.

"ఎన్నాళ్లండీ వెంకాయమ్మ గారూ ఈ మట్టిలో? స్థలం నాకివ్వండి, పదిహేను అంతస్తులు లేపుతాను. తొమ్మిదో అంతస్తులో మీకో ఇల్లు. మీ పిల్లలు మబ్బుల్లో పెరుగుతారు!"

"మబ్బుల్లో ఏం తవ్వుకుంటారు బాబూ?" అంది వెంకాయమ్మ.

"భలేవారే! కింద ఆటస్థలం చూశారా?"

చూసింది. పచ్చిక మీద కుందేలు పిల్లలు, లేడి పిల్లలు, వాళ్ల మధ్యలో పందికొక్కు పిల్లలు కూడా బంతాట ఆడుతున్నారు. పందికొక్కును అంత అందంగా గీసినవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు. పాపం, ఆవిడ అక్కడే పడిపోయింది.

బొమ్మలో పిల్లల్ని గుమ్మరించడానికి కారణం ఉంది. నడిబొడ్డున చెట్ల తలలు దాటి కట్టాలంటే అది పిల్లలున్న సంసారాల కోసమే అయ్యుండాలని అడవి సంఘం నియమం. సంఘం అధ్యక్షుడు భల్లూకయ్య అనే ఎలుగుబంటి. ఆయన బొమ్మను తిరగేసి మరగేసి చూశాడు. దాని కింద పెట్టిన తేనెపట్టును ఇంకా శ్రద్ధగా చూశాడు. "పిల్లలంటే నాకు ప్రాణం" అంటూ అనుమతి ఇచ్చేశాడు.

వెదురూ టేకూ కలిపి కట్టిన గగనవిహార్ లేచింది. సగం ఇళ్లు ఏనుగులు కొన్నాయి. ఏనుగులు మెట్లెక్కలేవు. అయినా తలా రెండిళ్లు కొనుక్కుని, వాటిని తలెత్తి చూసుకుంటూ కింద నిలబడేవి. అలా ఆటస్థలం కాస్తా ఏనుగులు నిలబడే స్థలమైంది. మిగిలిన జానెడు పచ్చిక నివాసుల సంఘం కార్యదర్శి, నెమలి మయూరీదేవి పాలైంది. పచ్చిక చూడ్డానికే గానీ తొక్కడానికి కాదని ఆవిడ శాసనం.

"మీ వాళ్లు మెట్ల మీద పరుగులు తీస్తున్నారు వెంకాయమ్మ గారూ. పదకొండో అంతస్తు గుడ్లగూబ గారికి పగలంతా నిద్రే ఉండటం లేదట."

"మరెక్కడ ఆడుకోమంటారమ్మా?"

"ఇంట్లో. చప్పుడు చేయకుండా."

పిల్లలు వెదురు నేలను గోళ్లతో గీకి గీకి అలిసిపోయేవారు. చిన్నవాడు బుల్లోడు ఆటా మాటా మానేశాడు. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని కింద మట్టికేసి చూసేవాడు. తర్వాత తిండి కూడా మానేశాడు.

వెంకాయమ్మ జంబుకరావు దగ్గరకెళ్లి, "బొమ్మలో పిల్లలు ఆడుకుంటున్నారు కదండీ!" అని నిలదీసింది.

"ఇప్పటికీ ఆడుకుంటూనే ఉన్నారు, చూసుకోండి" అని ఆయన మళ్లీ బొమ్మే చూపించాడు.

భల్లూకయ్య "విషయం పరిశీలిస్తాం" అని కళ్లు మూసుకుని చలికాలమంతా పరిశీలించాడు.

ఇక ఆవిడకు తెలిసిన విద్య ఒక్కటే మిగిలింది. ఒకరోజు తెల్లారగానే పిల్లల్ని కిందికి దింపి, ఏనుగుల కాళ్ల సందున, స్తంభాల మొదట్లో మట్టి చూపించి, "తవ్వండర్రా" అంది. బుల్లోడు మూతి నిండా మట్టి పూసుకుని నవ్వాడు. ఆ పూట రెండు దుంపలు అడిగి మరీ తిన్నాడు. అది చూశాక ఆ తల్లిని ఆపడం ఎవరి తరం? రోజూ తీసుకెళ్లింది. గదులు, సందులు, దొంగాటకు మలుపులు, అన్నీ నేల కింద వెలిశాయి.

పైన మాత్రం హాయిగా నిశ్శబ్దం. మయూరీదేవి మురిసిపోయింది. "పిల్లల్ని పెంచితే అలా పెంచాలి! ఉన్నారన్న సంగతే తెలియడం లేదు" అని సభ పెట్టి వెంకాయమ్మకు ఉత్తమ మాత బిరుదు ప్రకటించింది. జంబుకరావు అదే అదనుగా రెండో భవనంలో ఇళ్లు కావలసినవాళ్లందరినీ పిలిచాడు. వెంకాయమ్మ పిల్లలు ముస్తాబై బయట వేదిక ముందు కూర్చున్నారు. భవనం కింద ఏనుగులు బారులు తీరాయి. భల్లూకయ్య ఆవిడకు ఆకుల శాలువా కప్పగానే, చప్పట్లకు చేతులు లేవు కనుక, ఏనుగులన్నీ ఒక్కసారిగా కాళ్లు నేలకేసి కొట్టాయి.

నేల దిగిపోయింది. ఏనుగులు మోకాళ్ల దాకా కూరుకుపోయాయి. గగనవిహార్ నింపాదిగా ఒక పక్కకు ఒరిగి పెద్ద మద్దిచెట్టుకు ఆనుకుని ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇళ్లు కావాలని వచ్చినవాళ్లు జంబుకరావును శివారు గుట్టల దాకా తరిమారు.

భల్లూకయ్య విచారణ పెట్టాడు.

"మీ పిల్లలు తవ్వారా?"

"తవ్వారండీ. పందికొక్కు పిల్లలు తవ్వక వీణ వాయిస్తారా?"

"భవనం కిందే ఎందుకు తవ్వారు?"

"పక్కన జానెడు చోటు మిగిల్చారా?" అని వెంకాయమ్మ ఎదురడిగింది. "నా ఇల్లు తీసుకుని దాని నెత్తినే నన్నెక్కించారు. నా బిడ్డ తిండి మానేస్తే పరిశీలిస్తామన్నారు. మీ భవనం పడిపోవాలని నేను తవ్వించలేదయ్యా. వాడు నవ్వాలని తవ్వించాను."

భల్లూకయ్య దగ్గాడు, ముక్కు తుడుచుకున్నాడు, తీర్పు చెప్పాడు. స్థలం గుల్లయింది. ఇక్కడ ఎవరూ కొనరాదు, కట్టరాదు, ఉండరాదు. "నివాసానికి పనికిరాదు" అని పెద్ద పలక వేలాడదీయించి వెళ్లిపోయాడు.

ఏనుగులు వేరే చోటు చూసుకున్నాయి. మయూరీదేవి పచ్చికను చుట్టించుకుని పోయింది. పెద్దలెవరూ ఆ ఛాయలకే రావడం మానేశారు. వెంకాయమ్మ పలక కిందుగా దూరి కలుగు బాగుచేసుకుంది. సాయంత్రాలు కుందేలు పిల్లలూ లేడి పిల్లలూ ఇంట్లో చెప్పకుండా వచ్చి, చీకటి పడేదాకా బుల్లోడితో దొంగాట ఆడుతున్నారు.

నీతి: నడిబొడ్డున పిల్లల్ని పెంచుకోవాలంటే, ఆ చోటు నివాసానికి పనికిరాదని ముందు పెద్దలు తేల్చాలి.