మా చేని కింద ఐదు శాతం నూనె

నూనె తీయడం కంటే, నూనె ఉందని అంచనా వేయడమే దేశానికి మేలని నా గట్టి అభిప్రాయం. తీసిన నూనె ఏనాటికైనా అయిపోతుంది. అంచనా అయిపోదు. పైగా మధ్యమధ్యలో పెరుగుతుంది కూడా!

నమ్మరా? మండపేట దగ్గర మా ఊరొచ్చి చూడండి. మా చేల కింద మూడు కిలోమీటర్ల లోతున షేల్ అనే పలకరాయి ఉందట. దాని పొరల్లో పెట్రోలు తీసే ముడి నూనె ఇరుక్కుందట. అందులో ఎంత బయటికొస్తుందో తేల్చడానికి ఒక కంపెనీ మనుషులు రెండేళ్ళుగా తిరుగుతున్నారు. మొదటి రిపోర్టులో సముద్రమంత అన్నారు, రెండో దాంట్లో చెరువంత అన్నారు, మూడో దాంట్లో ఆ రెంటికీ మధ్య అన్నారు. ఇంత నిజాయితీ మీరెక్కడైనా చూశారా?

ఆ అంచనా పుణ్యమా అని ఊరికి హోదా వచ్చింది. టీ కొట్టు దగ్గర బ్యారెళ్ళలో తప్ప ఎవరూ మాట్లాడడం లేదు. ఎకరన్నర ఆసామి శ్యాంబాబు బండికి పెట్రోలు కొట్టించడం మానేశాడు. కింద అంత పెట్టుకుని బంకులో కొనడం నామోషీ అట. రోజూ నడిచే వెళ్తున్నాడు.

చంద్రరావు గారు ఒక్కరే ఈ ప్రగతిలో వెనకబడ్డారు. ఆయన కౌలు రైతు. కోతకు వారం ఉందనగా సర్వే బళ్ళు ఆయన అరెకరం వరిని తొక్కేసి పోయాయి. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండిగింజలు అందులోవే. ఆ నష్టానికి కూడా ఓ అంచనా కాయితం రాసిమ్మని ఆ కంపెనీ ఇంజనీరు ఉదయభాస్కర్ గారి చుట్టూ తిరుగుతున్నారు.

ఇంజనీరు గారు ముందు సైన్సు చెప్పారు. "రాయిలో ఉన్నదంతా రాదండి. మహా అయితే నూటికి ఐదు."

ఏళ్ళ తరబడి మిల్లులకు ధాన్యం తోలిన చంద్రరావు గారు తెల్లబోయారు. "క్వింటా ఆడిస్తే అరవై ఏడు కిలోల బియ్యం వస్తాయండి. తక్కినదానికి తవుడూ ఊకా చూపిస్తారు. మరి మీ తొంభై అయిదూ ఏమవుద్దండి?"

"రాయిలోనే ఉండిపోతుందండి."

"మరి ఉందని ఎందుకు రాశారండి?"

ఇలాంటి ప్రశ్నలకు ఏ శాస్త్రజ్ఞుడు జవాబు చెప్పగలడు, మీరే చెప్పండి!

చేను సంగతి ఎత్తితే, "పంట నష్టం కట్టాలంటే పంట నిలబడి ఉండాలి కదండి" అన్నారు. న్యాయమే. మూడు కిలోమీటర్ల లోతున ఉన్నదైతే కనబడుతుంది గానీ, నేల మీద పడున్న వరి ఎలా కనబడుతుంది?

అయినా ఆయన మంచివారు. మొన్న స్వయంగా చేలోకి దిగారు. అప్పటికి చంద్రరావు గారి భార్య అచ్చాయమ్మ గారు నాలుగు రోజులుగా బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, చక్రాల జాడల్లోంచి కంకులు ఒక్కొక్కటే ఏరి, కడిగి, ఆరబెట్టి, గట్టు మీద రెండు బస్తాలు పెట్టారు. పదిహేను రావలసిన చోటది.

ఇంజనీరు గారి ముఖం వెలిగిపోయింది. "పదిహేనుకి రెండంటే పదమూడు శాతం రికవరీ అండి. మా రాయి కంటే ఎంతో నయం" అని, కాయితం మీద 'నష్టం లేదు' అని రాసి సంతకం పెట్టారు.

చప్పట్లు కొడదామనుకున్నాను. అచ్చాయమ్మ గారి వేళ్ళు చూసి ఆగిపోయాను. ఈ రెండేళ్ళ సర్వేలో మా ఊరి నేలలోంచి నిజంగా పైకి వచ్చింది ఆవిడ ఏరిన ఆ రెండు బస్తాలేనండి.