ఊరకే చూసిన నీలం

ఆ పొద్దున నరసన్న మాస్టరు అనుకున్న పని చాలా చిన్నది. మధ్యాహ్నం తనిఖీకి ఇన్‌స్పెక్టరుగారు వచ్చేలోగా మైలుతుత్తం ప్రయోగం ఒకసారి చేసి చూసుకోవాలి, అంతే. వేంపల్లె దగ్గరి ఆ బోర్డు స్కూల్లో మూడేళ్లుగా ఆయన ఉద్యోగం తాత్కాలికమే. ఖాయం చేయాల్సిన కాగితం హెడ్మాస్టరుగారి బల్ల మీదే పడి ఉంది. ఆయన సరే అనరు, కాదనీ అనరు.

నరసన్న గాజుతొట్టిలో మైలుతుత్తం, అదే రాగి సల్ఫేటు, కరిగించిన నీళ్లు పోసి బేరియం ఉప్పు కలిపాడు. తెల్లటి మడ్డి అడుగుకు దిగింది. పైనీళ్లు మాత్రం ఎప్పటిలాగే నీలంగా ఉన్నాయి. చూడవచ్చిన హెడ్మాస్టరుగారికి హుషారుగా వివరించాడు. బేరియమూ సల్ఫేటూ జతకట్టి కింద కూర్చున్నాయట. నీలంగా కనబడే రాగి అయాన్లు మాత్రం ఆ గొడవలో తలదూర్చక, ఊరకే చూస్తూ, మొదట ఎట్లున్నాయో చివరికీ అట్లే ఉన్నాయట.

హెడ్మాస్టరుగారికి ఆ అయాన్లు తెగ నచ్చేశాయి. "బుద్ధిమంతులప్పా ఇవి," అని మెచ్చుకుంటూ ఇంకా ముందుకు వంగారు. తలపాగా ఊడి తొట్టిలో పడింది.

నరసన్న తలపాగా పిండుకుని, బట్టలుతికే ఉరుకుందమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఈ నీలం దేనితోనూ కలవదు, ఉత్త నీళ్లలో జాడిస్తే చాలని ధీమాగా చెప్పి వచ్చాడు.

ఆమె అట్లాగే జాడించి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఉరుకుందమ్మ మర్యాద తెలిసిన మనిషి. తలపాగాను మురికి వదిలించే చౌడుమట్టి కలిపిన నీళ్ల బానలో వేసింది. బంగళాలో దిగిన ఇన్‌స్పెక్టరుగారి తెల్లకోటు అప్పటికే అందులో నానుతోంది.

మధ్యాహ్నం, వేరే కోటు లేని ఇన్‌స్పెక్టరుగారు లేతపచ్చ కోటులోనూ, హెడ్మాస్టరుగారు లేతపచ్చ తలపాగాలోనూ తరగతిలో ఎదురెదురుగా నిలబడ్డారు. ఇది ఎవరి నిర్వాకమని ఇన్‌స్పెక్టరుగారు గద్దించారు. హెడ్మాస్టరుగారు కిటికీలోంచి బయటికి చూడసాగారు. ఇన్‌స్పెక్టరుగారు ఉరుకుందమ్మను పిలిపించారు.

"ఉత్త నీళ్లు చాలని మాస్టరు చెప్తిరి సామీ. పెద్దయ్య తలపాగాకు ఉత్త నీళ్లేం మర్యాద అని చౌడులో ఏసినా," అంది.

ఇక ఉద్యోగం పోయినట్టేనని నరసన్నకు తేలిపోయింది. ఎట్లాగూ పోయేదే, నిజం చెప్పి పోదామనుకున్నాడు.

"తప్పు నాదే సార్. రాగి దేంతోనూ కలవదంటిని. ఆ తొట్టిలో దానికి జత దొరకలేదు, అందుకని ఊరకే చూస్తాండె. చౌడులో దొరికింది. మీ కోటుకు పట్టింది అదే."

ఇన్‌స్పెక్టరుగారు తన కోటు చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని ఫక్కున నవ్వారు. తన ఒంటికి పట్టిన పాఠం ఇదొక్కటేనన్నారు. ఈ మాస్టరును ఖాయం చేయమంటారా అని హెడ్మాస్టరుగారిని అడిగారు.

"తమరి చిత్తం," అన్నారు హెడ్మాస్టరుగారు.

ఇన్‌స్పెక్టరుగారు అక్కడికక్కడే రెండు కాగితాలు రాశారు. ఒకదానితో నరసన్న ఉద్యోగం ఖాయమైంది. రెండోదానితో హెడ్మాస్టరుగారికి కర్నూలు జిల్లాకు బదిలీ అయింది. తొట్టి మారిస్తే మనిషీ మారవచ్చునని ఇన్‌స్పెక్టరుగారి ఆశ.

ఏడాది తర్వాత అక్కడి నుంచి కబురు వచ్చింది. తలపాగా రంగు వెలిసిందట, ఆయన మాత్రం అట్లే ఉన్నారట.