ముగ్గురు పిల్లల తల్లి కావలెను

ఆ ఉదయం లాన్‌యింగ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. మధ్యాహ్నానికి మండలం నుంచి పెంగ్ అనే అధికారి ఫొటోగ్రాఫర్‌తో, కొత్త పసిపిల్లల తోపుడుబండితో వస్తున్నాడు. ఊళ్ళో ముగ్గురు పిల్లల తల్లి ఒకర్ని చూపిస్తే ఆవిడకు ఎర్ర పట్టీ వేసి, బండి ఇచ్చి, ఫొటో తీసుకుపోతారు. ఆ ఫొటో చూసి చైనాలోని ఆడపిల్లలంతా బుద్ధి తెచ్చుకుని గబగబా కనేస్తారని పైవాళ్ళ ఆశ.

లాన్‌యింగ్ ఆ ఊరి మహిళా సంఘం కుర్చీలో ముప్పై మూడేళ్ళుగా ఉంది. అందులో ఎక్కువకాలం, ఇంటికి ఒక్క బిడ్డే అన్న సర్కారు రూలు ప్రకారం రెండో బిడ్డ పుట్టకుండా కాపలా కాసింది. ఇళ్ళ పెంకులు పీకించింది. మొక్కజొన్న చేలల్లో దాక్కున్న గర్భిణుల్ని వెతికి లాక్కొచ్చింది. ఇప్పుడదే నోటితో కనమంటోంది. నోటిదేముంది, పైనుంచి ఏ కాగితం వస్తే అది పలుకుతుంది.

థ్యెన్ వదినకు ముగ్గురని ఊరందరికీ తెలుసు. తిన్నగా వాళ్ళింటికే వెళ్ళింది.

"వదినా, ఇవాళ నీకు సన్మానం!"

"నా పంది దొరికిందా?" అంది థ్యెన్ వదిన, క్యాబేజీ తరుగుతూ. రెండో కాన్పుకు పుట్టింట్లో దాక్కున్నందుకు లాన్‌యింగ్ తోలుకుపోయిన పంది అది. ఇరవై తొమ్మిదేళ్ళుగా అడుగుతూనే ఉంది.

"పంది సంగతి వదిలెయ్. నువ్వు ముగ్గురు పిల్లల తల్లివి కదా..."

"నేనా? నీ జననాల పుస్తకం తీసి చూడు. నాకు ఒక్కడే. రెండోవాడు మా తోడికోడలి కొడుకు. మూడోది మా అత్తగారి కూతురు. యాభై ఎనిమిదేళ్ళకి కన్నది పాపం! ఊరికి చెడ్డపేరొస్తుందని నువ్వే కదమ్మా రాశావు?"

"సర్లే, దిద్దేస్తాను."

"దిద్దితే అందరివీ దిద్దు. నాదొక్కటే దిద్ది ఫొటోకి నవ్వమంటే నవ్వను."

లాన్‌యింగ్ పెంగ్‌కి ఫోన్ చేసింది. ఆయన పొంగిపోయాడు. "ఇంకా దాచినవాళ్ళున్నారా? అందర్నీ రమ్మనండి! ఇప్పుడు శిక్షా లేదు, పాడూ లేదు. మైకులో చెప్పేయండి!"

శిక్ష లేదన్న మాట లాన్‌యింగ్ రెండుసార్లు చెప్పించుకుంది. ఆ పుస్తకంలో ఆమె అక్క పేజీ ఒకటుంది. అక్కకు కవలలని అందులో రాసి ఉంది. ఆ కవలలు ఏడు నెలల తేడాతో పుట్టారు. తనకు రెండోసారీ ఆడపిల్ల పుట్టేసరికి కుర్చీ పోతుందని భయపడి, పదకొండు రోజుల పసిగుడ్డును అక్క ఒళ్ళో పెట్టింది లాన్‌యింగే. ఆ మాన్‌చింగ్‌కి ఇప్పుడు ముప్పై ఒకటి. ఆ పిల్ల "పిన్నీ" అంటూనే పెరిగింది. ఒక్కసారి "అమ్మా" అనిపించుకుంటే చాలనుకుంది లాన్‌యింగ్.

ఊరి లౌడ్‌స్పీకర్లో ప్రకటించింది. "దాచిన పిల్లలుంటే తీసుకొచ్చి రాయించుకోండి. బండి ఇస్తారు." ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

పది గంటలకల్లా ఆఫీసు కిటకిటలాడింది. బట్టతల లారీ డ్రైవర్ని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఒక కొడుకు కోసం ఇద్దరు తల్లులు జుట్లు పట్టుకున్నారు.

"వీడి గజ్జి కడిగింది నేను! ఇప్పుడొచ్చి నీ కొడుకంటావా?"

"కన్నది నేను కాదూ? బండి నాకే!"

ఒక ముసలావిడ మాత్రం ఒంటరిగా వచ్చింది. "మా పిల్లని బస్టాండులో వదిలేశాం. ఎక్కడో ఉండే ఉంటుంది. పేరు రాయి," అంది. లాన్‌యింగ్ పేరు రాసి, చిరునామా ఖాళీగా వదిలింది.

"మా అందరివీ అయ్యాయి. మరి నీది?" అంది థ్యెన్ వదిన. ఆ కవలల సంగతి ఊరందరికీ ఎప్పుడో తెలుసు.

పెంచిన తల్లి పుట్టినరోజుకని వచ్చిన మాన్‌చింగ్ మైకు విని గుమ్మంలో నిలబడి ఉంది. లాన్‌యింగ్ తన పేజీ తెరిచి, పెన్ను పట్టుకుంది.

"ఇటు రామ్మా. నీకో మాట చెప్పాలి."

"తొమ్మిదేళ్ళప్పుడే తెలుసు పిన్నీ. నువ్వు ఎవరింటి మీదో కేకలేస్తుంటే, 'మీ అక్క ఒళ్ళో పెట్టిన నీ రెండోదాని సంగతేంటి?' అని ఒకావిడ నీ మొహానే అనేసింది. నువ్వొచ్చి చెబుతావని చాలా ఏళ్ళు చూశాను. ఇవాళ పైవాళ్ళు సరేనన్నారు కాబట్టి కూతుర్నయ్యాను. రేపు వద్దంటే?"

లాన్‌యింగ్ పెన్ను పేజీ మీదికి తెచ్చింది.

"నా పేరు ఉన్నచోటే ఉండనీ. అమ్మ పుట్టినరోజు నూడుల్స్ చేసింది, చల్లారిపోతాయి," అని మాన్‌చింగ్ వెనుదిరిగింది. అప్పుడే బండి తోసుకుంటూ లోపలికొస్తున్న పెంగ్ ఆమెకు ఎదురుపడ్డాడు.

"నువ్వెప్పుడు కంటావు తల్లీ?" అన్నాడు ఉత్సాహంగా.

"ఎవరి పేరున రాస్తారో ముందు తేల్చుకోండి," అని ఆమె వెళ్ళిపోయింది.

పెంగ్ బట్టతల డ్రైవర్ని ఎగాదిగా చూశాడు. "వీళ్ళు పిల్లలేంటండీ? నాక్కావలసింది పసివాళ్ళు!" ఆ గొడవలో థ్యెన్ వదిన, పంది బాకీ తీరిందంటూ బండి తోసుకుపోయి అందులో క్యాబేజీలు నింపుకుంది.

పెంగ్ విసుగ్గా పుస్తకం తిరగేశాడు. ఎక్కడ చూసినా కొట్టివేతలే. లాన్‌యింగ్ పేజీలో మాత్రం ఒక్కతే కూతురు; మచ్చ ఒక్కటీ లేదు. దాని కింద 'అంతా సక్రమం' అని రాసి, ముద్ర వేశాడు.