మర్యాద సీసా

సోమవారం పొద్దున్నే అబ్రహాం పెట్టుకున్న పని ఒక్కటే: పెరటి నూతి నీళ్ళు సీసాలో పట్టించి, చీపురుపల్లి నుంచి విజయనగరం వెళ్ళి పరీక్షకిచ్చి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయడం. బోరు వేయిస్తానని కొడుకు స్టాన్లీ పర్మిషనుకి దరఖాస్తు పెట్టాడు. పక్కనే నుయ్యి ఉండగా బోరెందుకని ఆఫీసులో అడిగారట. నీళ్ళు తాగడానికి పనికొస్తే నుయ్యి ఉంటుంది, లేదంటే కప్పేసి బోరు వేస్తారు. తండ్రీకొడుకుల ఒప్పందం అది.

ఆ నుయ్యి అబ్రహాం తండ్రి థామస్ మేస్త్రీ తన చేతులతో తవ్వి, వరలు దించినది. చిన్నప్పుడు ఆదివారం చర్చి నుంచి రాగానే పిల్లలందరికీ అక్కడే స్నానాలు. నెత్తిన చల్లటి చేద పడితే ప్రాణం లేచొచ్చేది. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు అబ్రహాం నూతిలోకి వంగి దగ్గితే అచ్చం తండ్రి దగ్గే తిరిగి వినిపిస్తుంది. అందుకని రోజూ ఒకసారి ఊరికే దగ్గి వస్తాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

భార్య స్వర్ణ సీసాని శుభ్రంగా కడిగి, చుట్టాలకిచ్చేంత శ్రద్ధగా నింపి, కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

నీళ్ళు తాగడానికి పనికిరావని ఆ వారంలోనే రిపోర్టు వచ్చింది. ఆ నీళ్ళతోనే పప్పు ఉడుకుతుందని ఇన్నాళ్ళూ బిందెలు మోసుకెళ్ళిన ఎదురింటి నారాయణమ్మకి, సంగతి వినగానే కడుపునొప్పి పట్టుకుంది. ఆవిణ్ణి చూసి ఇంకో ఇద్దరికి వచ్చింది. పాస్టరుగారు వచ్చి, కడుపుల కోసమో నూతి కోసమో తేల్చకుండానే ప్రార్థన చేసి వెళ్ళారు. వీధంతా కేను నీళ్ళకి ఎగబడింది. స్టాన్లీ ట్రాక్టరుతో మట్టి తెప్పించాడు.

ఆఖరిసారి దగ్గుదామని అబ్రహాం నూతిలోకి వంగాడు. దగ్గు రాలేదు, ఏడుపొచ్చింది. లోపల తండ్రి కూడా ఏడుస్తున్నట్టే ఉంది.

అంతలో వీధికి కేన్లు వేసే ధనరాజు ఆటో ఆపి, పరుగున వచ్చి ట్రాక్టరుకి అడ్డం నిలబడ్డాడు. "ఒరే స్టాన్లీ, ఈ నూతిని కప్పెత్తే మా ఇంటిల్లిపాదీ ఏటి తాగాల?"

"కేన్లు అమ్మినోడివి, నీకేటి లోటు బావా?"

"అమ్ముతాను గానీ తాగుతానేటిరా?"

ఆ మాటకి స్వర్ణ మొహం పాలిపోయింది. ఏమైందని అబ్రహాం అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆఫీసర్లకి నూతినీళ్ళు ఎలా అంపమంటారు? మర్యాదగా ఉంటాదేటి? చుట్టాలొస్తే ఇద్దామని తెప్పించిన కేనులోవి పోసీసినాను."

నారాయణమ్మ కడుపునొప్పి ఠక్కున తగ్గి, గుమ్మంలో దించుకున్న కేను గుర్తొచ్చి మళ్ళీ మొదలైంది.

రెండోసారి సీసా అబ్రహామే నింపాడు, ఎవరి చేతికీ ఇవ్వలేదు. నీళ్ళు భేషుగ్గా ఉన్నాయని వచ్చింది. తెప్పించిన మట్టితో స్టాన్లీ నూతి చుట్టూ మెరక వేయించాడు. స్వర్ణ మాత్రం మర్యాద వదల్లేదు. ఖాళీ కేనులో నూతినీళ్ళు నింపి, చుట్టాలకి అందులోంచే ఇస్తోంది.

అబ్రహాం ఇప్పుడు పొద్దుటా సాయంత్రం కూడా నూతిలోకి వంగి దగ్గుతున్నాడు. స్టాన్లీ దగ్గుమందు తెచ్చిచ్చాడు.