ఊక కరెంటూ, ఉచిత బూడిదా

పొగగొట్టానికి ఫిల్టరు వెయ్యాలని గొడవ చేసేవాళ్లకు ఊరి బాగు పట్టదు!

ముదినేపల్లి దగ్గర ఒక ఊళ్లో వరి ఊక కాల్చి కరెంటు తీసే ప్లాంటు వెలిసి రెండేళ్లయింది. కరెంటు ఎటో వెళ్లిపోతుంది. బూడిద మాత్రం పూర్తిగా ఊరికే దక్కుతుంది. అడక్కుండా గడప దాకా తెచ్చి ఇచ్చే సరుకు ఈ రెండువేల అయిదులో ఇంకేదైనా ఉందా?

గిన్నెలు తోమే పౌడరు కొనక్కర్లేదు. చర్చికి వెళ్లేవారికి బూడిద బుధవారం ఏడాది పొడవునా ఉంటుంది, గుడికి వెళ్లేవారికి విభూతి దారిలోనే అందుతుంది. మతసామరస్యానికి ఇంతకన్నా ఎవరేం చేశారు? పాతికేళ్ల కుర్రాడికి తల నెరిసిందనుకుని తాడేపల్లిగూడెం బస్సులో లేచి సీటిస్తున్నారు! దగ్గు సంగతంటారా? ఊరంతా తెల్లవార్లూ దగ్గుతుంటే దొంగ ఏ ఇంట్లో అడుగుపెడతాడు?

ఇంత భాగ్యాన్ని గుర్తించని మనిషి ఒక్కతే, రత్నమాణిక్యం. భర్త పోయాక ఎండాకాలమంతా బూడిద గుమ్మడి వడియాలు పెట్టి, ఏలూరులో బాపిరాజు కొట్టుకు వేస్తూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. వడియాల మీద నల్లమచ్చలు చూసి, ఈసారీ ఇలాగే ఉంటే ఇక తేవద్దని బాపిరాజు చెప్పేశాడు. ఆవిడ ప్లాంటు మేనేజరుకు మొరపెట్టుకుంది. బూడిద గుమ్మడి వడియానికి కాస్త బూడిద అంటితే వచ్చిన నష్టమేమిటని ఆయన ఆశ్చర్యపోయాడు.

నిజానికి ఫిల్టరు ఉంది! అది తినే కరెంటును అమ్ముకోవచ్చు కదా అని ఆపేస్తారనీ, తనిఖీ ఆఫీసరు వచ్చిన రోజునే వేస్తారనీ అక్కడ పనిచేసే పక్కింటి యోసేపు చెప్పాడు. మర్నాడు ఆఫీసరు వస్తున్నాడన్న కబురూ అతనే మోసుకొచ్చాడు.

పొద్దు పొడవకముందే రత్నమాణిక్యం పిండి రుబ్బి, నులక మంచం మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టేసింది. జీపు వచ్చింది. పొగగొట్టం పొగతాగడం మానేసిన పెద్దమనిషిలా బుద్ధిగా నిలబడింది. గుడ్డ మీద ఒక్క మచ్చా పడకపోయేసరికి ఆవిడ ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నానికి ఆఫీసరు అంతా సవ్యంగా ఉందని రాసేసి బయల్దేరాడు.

ఆవిడ పరుగున వెళ్లి జీపుకు అడ్డంగా నిలబడింది.

"నా వడియాలకు ఇంకో రెండెండలు తగలాలండీ. అందాకా మా ఊళ్లోనే ఉండండి బాబూ. పూటపూటా కొల్లేటి చేపల పులుసు నేను వండి పెడతాను."

ఆఫీసరు నవ్వి, ఫిల్టరు ఉండగా తానెందుకని అడిగాడు.

"దానికి మీరంటే భయమండీ. మేమంటే లేదు."

ఆఫీసరు నవ్వు ఆపి, డ్రైవరును పక్కనుంచి పోనిమ్మన్నాడు.

జీపు కాలవ వంతెన దాటేసరికి పొగగొట్టం మళ్లీ ప్రజాసేవలో పడింది. రత్నమాణిక్యం, యోసేపు భార్య విక్టోరియా చెరో పక్కా పట్టి మంచాన్ని ఇంట్లోకి చేరవేశారు. వడియాలింకా పచ్చిగానే ఉన్నాయి. బయట పెడితే బూడిద, లోపల పెడితే బూజు. బాపిరాజుకు ఏది పంపమంటారో, ఫిల్టరు అక్కర్లేదన్న పాఠకులే చెప్పాలి.